బల్లకి ఇవతలి వైపు

నిన్న విశాఖలో మా సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున ఫ్రెషర్ల ఇంటర్వ్యూలు చేశాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి "సార్, కోడ్ పేపర్ మీద రాయొచ్చా?" అంది. లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) ఎక్కడ ఆగాలో రాసే లైను దగ్గర పెన్ను ఆపి, వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ఒకటి తగ్గించి మళ్లీ రాసింది. తన తప్పు తనే పట్టుకుంది, నాకు అది చాలు. తర్వాతి అబ్బాయి రెజ్యూమెలో ఏఐ, మెషీన్ లెర్నింగ్, బ్లాక్‌చెయిన్ అన్నీ ఉన్నాయి. ఒక్కదాని గురించి అడిగితే నీళ్లు నమిలాడు.

బయట వెయిటింగ్‌లో అందరిదీ ఒకటే కబురు: విశాఖలోనే రుషికొండకి టీసీఎస్, కాపులుప్పాడకి కాగ్నిజెంట్ వస్తున్నాయని. 2025లో ప్రభుత్వం టీసీఎస్‌కి 99 పైసల నామమాత్రపు ధరకి 21.16 ఎకరాలు కేటాయించింది. 12 వేల ఉద్యోగాలు వస్తాయన్నారు. మంచిదే, ఇక్కడి పిల్లలకి ఇంటి తిండి తింటూ పనిచేసే వీలుంటుంది. కానీ అదే ఏడాది జూలైలో అదే కంపెనీ ప్రపంచవ్యాప్తంగా సుమారు 12 వేల మందిని తగ్గిస్తామనీ చెప్పింది. ఎక్కువగా మధ్య, పై స్థాయిల వాళ్లని. అంటే నాలాంటి వాళ్లని! (ఈ మాట పిల్లలతో అనలేదు లెండి.)

జీతాల సంగతే మింగుడు పడదు. పెద్ద సర్వీస్ కంపెనీల్లో మామూలు ఫ్రెషర్‌కి ఏడాదికి మూడు, మూడున్నర లక్షలు. పదేళ్ల కిందటా దాదాపు అంతే. హాస్టల్ అద్దెలు మాత్రం ఆగాయా?

ఆఫర్ వచ్చినవాళ్లు జాయినింగ్ తేదీ, బాండ్ (ఇన్నేళ్లు మానకుండా పనిచేస్తామనే ఒప్పందం) వివరాలు మెయిల్‌లో అడిగి తీసుకోండి. నోటి మాట నమ్మి చేతిలో ఉన్న ఉద్యోగం వదులుకోకండి.