మల్గి కంటే ముందు రోడ్డు చూడండి

హైదరాబాద్ శివారు మెయిన్ రోడ్డు మీద మల్గికి, అంటే షట్టరున్న దుకాణం గదికి, టు-లెట్ బోర్డు కనపడగానే అందరూ అడిగేది షట్టర్ వెడల్పెంత, అడ్వాన్స్ ఎన్ని నెలలు అనే. అవి తర్వాత. షట్టర్‌కు ఎదురుగా ఉన్న రోడ్డే మీ గిరాకీని తేలుస్తుంది.

మొదటిది, ఏ వైపు అన్నది. ఉప్పల్ నుంచి బోడుప్పల్ మీదుగా నారపల్లి వెళ్లే వరంగల్ హైవేనే తీసుకోండి. పొద్దున జనం ఉప్పల్ వైపు ఉరుకుతారు, సాయంత్రం ఇళ్లకు మళ్లుతారు. కూరగాయలు, కిరాణా, మందులు, చికెన్ ఎక్కువగా కొనేది ఇంటికెళ్లేటప్పుడే. వీటికి నారపల్లి వెళ్లేవాళ్ల ఎడమ చేతి వైపు మల్గి కావాలి, అద్దె కాస్త ఎక్కువైనా సరే. టిఫిన్ సెంటరైతే అవతలి పక్క. పాల ప్యాకెట్ కోసం ఎవరూ యూటర్న్ తిప్పుకుని రారు. టైల్స్, ఫర్నిచర్ షోరూములకు మాత్రం వైపు కంటే బండ్లు నిలిపే జాగా ముఖ్యం.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అక్కడ నిలబడి లెక్కపెట్టండి. పోయే బండ్లను కాదు, పక్క షాపుల దగ్గర ఆగే బండ్లను.

ఇదే రోడ్డు మీద ఎలివేటెడ్ కారిడార్ (పొడవాటి ఫ్లైఓవర్) పనులు 2018లో మొదలై ఏళ్లకేళ్లు సాగాయి. గుంతలు, దుమ్ము మధ్య దుకాణాలు బేరాల్లేక అల్లాడాయి. అందుకే మల్గి ఎదుటి రోడ్డు మీద పనులు జరిగినన్నాళ్లు అద్దె సగమే అని అగ్రిమెంట్‌లో రాయించుకోండి. ఓనర్ ఒప్పుకోకపోతే ఎంతో కొంత తగ్గింపయినా పట్టుబట్టండి. ఫ్లైఓవర్ ర్యాంపు పక్కన మల్గి ఎంత చవకగా వచ్చినా వద్దు. అక్కడ అడ్డంగా గోడ, సర్వీస్ రోడ్డు ఇరుకు, బండి ఆపే వీలుండదు.

టేపు తీసుకెళ్లండి. మాస్టర్ ప్లాన్‌లో, అంటే ముందుముందు రోడ్ల వెడల్పు ఎంతుండాలో చూపే సర్కారు ప్లాన్‌లో, ఆ రోడ్డు 100 అడుగులని ఉంటే, మధ్య నుంచి 50 అడుగులు కొలవండి. షట్టర్ ఆ గీత లోపల పడితే వెడల్పు పనుల్లో పోయేది మీ ర్యాకులే. బిల్డింగుకు అనుమతి ఇచ్చిన శాంక్షన్ ప్లాన్ కాపీ కూడా అడగండి. అందులో పార్కింగ్ అని ఉన్నచోట కట్టిన మల్గికి ఎప్పుడైనా సీలు పడొచ్చు.

తర్వాత గడప ఎత్తు. తారు వేసిన ప్రతిసారీ పాత పొర గీకకుండా పైనే వేస్తే రోడ్డు రెండంగుళాలు లేస్తుంది. రెండు మూడు సార్లకు గడప రోడ్డుకు సమానమై, వాన పడితే నీళ్లు బియ్యం బస్తాల కిందికొస్తాయి. గోడల మీద పాత నీటి చార కోసం వెతకండి. కొత్తగా సున్నం వేసి ఉంటే పక్క షాపాయన్ని అడగండి.

అద్దె లెక్క ఇలా వేయండి. నెలకు 30,000 అద్దె, కిరాణాలో మిగులు నూటికి పది అనుకుంటే, అద్దెకే 3 లక్షల అమ్మకం కావాలి, అంటే రోజుకు 10,000. కరెంటు, పనివాడి జీతం ఇంకా కలపలేదు.

ర్యాకులకు, సీలింగ్‌కు లక్షలు పెట్టేటట్టయితే 11 నెలల అద్దె కాగితంతో సరిపెట్టుకోవద్దు. మూడేళ్లకు లీజు రాసుకుని రిజిస్టర్ చేయించండి. సంతకానికి ముందు మీటర్ సర్వీస్ నంబర్ మీద పాత బకాయి ఉందేమో, అది కమర్షియల్ కేటగిరీలో ఉందో లేదో చూడండి. ఫ్రీజర్లు పెడితే త్రీ ఫేజ్ కరెంటు కనెక్షన్ ఎవరి ఖర్చో కూడా లీజులోనే రాయించండి.