ముందు అన్ని లైట్లూ ఆర్పు

నల్గొండ క్లాక్‌టవర్ దగ్గర మా మేనమామ స్టూడియోలో నేను నేర్చుకున్న లైటింగ్ ఒక్కటే. కుడిపక్క ఒక గొడుగు లైటు, ఎడమపక్క ఒక గొడుగు లైటు, రెండూ ఒకే పవర్‌లో. పాస్‌పోర్ట్ ఫొటోకైనా పెళ్లిచూపుల ఫొటోకైనా అంతే. మొహం మీద నీడ పడితే కస్టమర్ డబ్బులివ్వడు మరి.

ఆ ధైర్యంతోనే షార్జాలో ఒక స్టూడియోలో చేరాను. రెండో రోజే తెల్ల కందూరా, అంటే అరబ్బుల పొడవాటి అంగీ, వేసుకున్న పెద్దమనిషి వచ్చాడు. ఉన్న నాలుగు లైట్లూ వెలిగించి ఫొటో కొట్టాను. మొహం చపాతీలా చదునుగా వచ్చింది, కందూరాలో ఒక్క మడత లేదు. మా మలయాళీ మాస్టర్ తిట్టలేదు. లైట్లన్నీ ఆర్పేసి, ఒక్కొక్కటే వేసుకుంటూ రమ్మన్నాడు.

మొదట కీ లైట్, అంటే అసలు లైటు. దానికి తొడిగిన సాఫ్ట్‌బాక్స్‌ను, అంటే వెలుగును మెత్తబరిచే తెల్లగుడ్డ పెట్టెను, ఒక పక్కగా 45 డిగ్రీల్లో, కళ్లకంటే కాస్త ఎత్తులో పెట్టి, కనుపాప చూడమన్నాడు. పై అంచున తెల్లగా చిన్న చతురస్రం మెరవాలి. అది లేకపోతే చచ్చిన చేప కళ్లే. ముక్కు నీడ పెదవి మీదికి దిగకూడదు. కందూరా వాళ్లను కీ లైటుకు కొంచెం ఎడంగా తిప్పి కూర్చోబెడితే మడతలు తేలతాయి. అది కుదిరాకే రెండో పక్క నీడను పలచబరిచే ఫిల్ లైట్, అదీ ఒక స్టాప్ తక్కువలో, అంటే సగం వెలుగు. నీడ ఉండాలి, ఆ నీడలో చెవీ కనబడాలి. మన నల్ల జుట్టు నల్ల తెరలో కలిసిపోకుండా వెనక నుంచి హెయిర్ లైట్, దాని వెలుగు పక్కలకు చిందకుండా తేనెపట్టు లాంటి గ్రిడ్. నాలుగోది తెరకు. చాలాసార్లు దాని అవసరమే రాదు.

దూరం లెక్క మాత్రం నాకు చాన్నాళ్లు ఎక్కలేదు. లైటును మీటరు నుంచి రెండు మీటర్లకు జరిపితే వెలుగు సగమవుతుందనుకునేవాణ్ణి. నాలుగో వంతుకు పడిపోతుంది! మాస్టర్ పవర్ నాబ్ ముట్టకుండా స్టాండునే జానెడు జరపడం అందుకే.

మొన్న సెలవుకు వచ్చినప్పుడు మామ స్టూడియోలో ఒక గొడుగు బంద్ చేసి, ఆ పక్కన వెలుగు తిప్పికొట్టడానికి థర్మకోల్ షీటు నిలబెట్టి, అత్తమ్మను కూర్చోబెట్టి ఫొటో తీశాను. ముక్కుపుడక మెరుపు, చెంప మీద గీతలు, నుదుటి మీద రాలిన కుంకుమ పొడి కూడా ఫొటోలో పడ్డాయి. షార్జాలో తీసినవాటి కంటే నాకిదే నచ్చింది.

అత్తమ్మ చాలాసేపు చూసింది.

"ఇదేంది అల్లుడా, ఒక దిక్కు మొఖం నల్లగొచ్చింది? కరెంటు పోయిందా?"

మామ ఏమీ మాట్లాడకుండా వెళ్లి రెండో గొడుగు స్విచ్ వేశాడు.