వక్కాకు తిత్తిలో పాస్‌పోర్టు

ఆదివారం, రాత్రి పదిన్నర

అక్క కొడుకు ఈరోజు అమెరికా వెళ్లిపోయాడు. మూడు వారాలుగా ముందు గదిలో వాడి బట్టలు, ఛార్జర్ వైర్లు, బూట్లు. ఇప్పుడు పరుపు చుట్టి గోడకు ఆనించాను. అమ్మ రెండు ముద్దలు తిని పడుకుంది. నాకేమో నిద్ర పట్టట్లేదు. పొద్దున జరిగింది మరిచిపోకముందే రాసిపెట్టుకుంటున్నా.

పొద్దున్నే వాడికిష్టమని కారం దోశ వేశాను. ఎర్రకారం దట్టంగా పూసి, పైన పప్పుల పొడి చల్లి. కళ్లలో నీళ్లు కారుతున్నా మూడు తిన్నాడు. ఈ రుచి మళ్లీ రెండేళ్లకో, మూడేళ్లకో. పదింటికల్లా కారెక్కాం. అమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. 2015లో కడపకు విమానాలు మొదలుకాకముందు అక్క వచ్చినా పోయినా రాత్రంతా బస్సు ప్రయాణమే, మేము బస్టాండులోనే వీడ్కోలు చెప్పేవాళ్లం. ఇప్పుడు మనవడిని విమానం దాకా సాగనంపొచ్చని అమ్మకు సంబరం.

గేటు దగ్గర యూనిఫాంలో ఉన్న అబ్బాయి టికెట్, ఐడీ అడిగాడు. మావాడు పర్సులోంచి కార్డు తీసి ఇచ్చాడు. టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు. కుడివైపు పైన బంగారు రంగు గుండ్రం, అందులో నక్షత్రం. ఆ అబ్బాయి దాన్ని తిప్పి చూసి, వాడి ముఖం చూసి, "బాబూ, ఇది మన దేశంది కాదు గదా. పాస్‌పోర్టు చూపించు" అన్నాడు.

"అక్కడ ఇదే చూపిస్తాను ఎప్పుడూ" అన్నాడు వాడు, వాడికొచ్చిన తెలుగులో. వాడన్నది అబద్ధం కాదు. డాలస్ నుంచి షికాగో పోవాలన్నా, కాలేజీకి పోవాలన్నా వాడికి ఆ కార్డే సరిపోతుంది. ఆ నక్షత్రం ఏమిటో మొన్న అక్క ఫోన్లో చెప్పింది. 2001 దాడుల తర్వాత అక్కడి ఐడీ కార్డులన్నీ ఒక పద్ధతిలో ఉండాలని 2005లో రియల్ ఐడీ చట్టం చేశారంట. వాయిదాల మీద వాయిదాలు పడి 2025 మే 7 నుంచి విమానాశ్రయాల్లో అమలుకొచ్చింది. లైసెన్సు మీద నక్షత్రం ఉంటే చాలు, దేశం లోపల ఏ విమానమైనా ఎక్కొచ్చు. లేనివాళ్లు పాస్‌పోర్టు లాంటిది ఇంకేదైనా చూపించాలి. వాడు పరీక్ష రాసి, కారు నడిపి చూపించి తెచ్చుకున్న కార్డు అది. వాడికి అదంటే గర్వం.

కానీ ఇక్కడి జాబితాలో దానికి చోటు లేదు. ఆధార్, ఓటరు కార్డు, పాన్ కార్డు, మన డ్రైవింగ్ లైసెన్సు, వీటిలో ఏది చూపించినా మనల్ని లోపలికి పంపిస్తారు. వేరే దేశం పౌరుడైతే పాస్‌పోర్టే చూపించాలి. గేటు దగ్గర నిలబడిన మనిషికి టెక్సాస్ లైసెన్సు అసలుదో నకిలీదో ఎట్లా తెలుస్తుంది? ఆ అబ్బాయి గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. "పక్కన నిలబడి నిదానంగా వెతుక్కో, టైం ఉంది" అన్నాడు. నాకు ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో.

పాస్‌పోర్టు ఎక్కడుందో మాత్రం వాడికీ తెలీదు, నాకూ తెలీదు. బ్యాగులో లేదు, జేబుల్లో లేదు. గుండె దడదడలాడింది. సాయంత్రం హైదరాబాదులో దిగి అట్నుంచి అటే పెద్ద విమానం ఎక్కాలి. ఇంతలో కారు దగ్గర కూర్చున్న అమ్మ నడుచుకుంటూ వచ్చింది. "పెద్ద పెట్టెలో పెట్టినా గదరా. రాత్రి నీకు చెప్తే ఊ కొట్టినావు" అంది. టీవీ పక్కన, కిటికీ మీద, మంచం కింద, ఎక్కడపడితే అక్కడ ఆ పాస్‌పోర్టు పడేస్తున్నాడని చూడలేక, రాత్రి కొత్త పంచె మడతలో దాచిపెట్టిందంట.

టెర్మినల్ ముందు గచ్చు మీదే పెట్టె తెరిచాం. పైన ఓలిగల డబ్బా, దాని కింద నిప్పట్లు, చెనిక్కాయల పొడి, పాత పేపర్లో చుట్టిన కరివేపాకు పొడి. ఒక్కొక్కటే తీసి నా ఒళ్లో పెట్టుకుంటూ పోయాను. అడుగున పంచె. మడత విప్పితే రెండు పుస్తకాలు జారాయి. ఒకటి గద్ద బొమ్మ ఉన్న నీలం పాస్‌పోర్టు, ఇంకోటి మూడు సింహాల ముద్రతో ఓసీఐ పుస్తకం. ఓసీఐ చూడ్డానికి మన పాస్‌పోర్టు మాదిరే ఉంటుంది కానీ పాస్‌పోర్టు కాదు. మన మూలాలుండి వేరే దేశం పౌరులైనవాళ్లు మనదేశానికి ఎన్నిసార్లైనా వచ్చిపోవడానికి జీవితాంతం చెల్లే వీసా లాంటిది. ఆ వేరే దేశం పాస్‌పోర్టు తోడు లేకుండా అదొక్కటే పట్టుకుని ప్రయాణం చేయడానికి లేదు. అందుకే అమ్మ రెండూ కలిపి పెట్టింది. చదువు రాకపోయినా ఈ లెక్క ఆమెకు తెలుసు.

మేము పెట్టె సర్దుతుంటే పక్కనే ఒకాయన నిలబడి చూస్తున్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. రాయచోటి దగ్గర పల్లె, కువైట్‌లో డ్రైవరు, సెలవు అయిపోయి తిరిగి పోతున్నాడు. ఆయన పాస్‌పోర్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు. కవర్లోంచి ఇంకో కార్డు కూడా తీసి చూపించాడు. అరబ్బీ అక్షరాలు, మూలలు అరిగిపోయాయి. "ఇది బతాకా, అబ్బీ. కువైట్‌లో ఇది లేకుండా అడుగు బయట పెట్టలేం. బ్యాంకులో ఇదే, ఆసుపత్రిలో ఇదే, పోలీసు ఆపినా ఇదే. ఈడ మాత్రం ఎవురూ అడగరు" అన్నాడు. దాని మీద పన్నెండు అంకెల నంబరు. ఆధార్‌కూ పన్నెండే. ఆ రెండు నంబర్లూ ఆయనకు నోటికొచ్చు.

వెళ్లిన కొత్తలో ఆయన పాస్‌పోర్టు కఫీలు దగ్గరే, అంటే పనిలో పెట్టుకున్న అక్కడి యజమాని దగ్గరే ఉండిపోయిందంట, నాలుగేళ్లు. వాళ్ల నాయన చనిపోయినప్పుడు అడిగితే, రేపిస్తాం మాపిస్తాం అంటుండగానే దహనం అయిపోయిందంట. అప్పట్నుంచి పాస్‌పోర్టు ఒంటి మీదే ఉంచుకుంటాడు, నిద్రలో కూడా. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు కానీ నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తూనే ఉంది. కడప, రాజంపేట, రాయచోటి పల్లెల్లో ఎన్ని ఇళ్లు ఈ పుస్తకం మీదే నిలబడ్డాయో. మావాడు దాన్ని టీవీ పక్కన పడేస్తాడు, ఆయన గుండె మీద పెట్టుకుంటాడు. వాడి తప్పని కాదు. వాడికి ఆ పుస్తకం ఎప్పుడూ చేతికందకుండా పోలేదు.

ఆయన లోపలికి వెళ్లాక అమ్మ మనవడి భుజం పట్టుకుని, "నాకు మీ డాలస్‌లో ఇట్లే అయింది లేరా" అంది. 2019లో అక్క దగ్గరకు పోయినప్పుడు షికాగోకు తీసుకుపోయారు. సెక్యూరిటీ దగ్గర ఆఫీసరు ఐడీ అంటే, అమ్మ కొంగుముడి విప్పి ఆధార్ కార్డు ఇచ్చిందంట. రేషనుకు అదే, బ్యాంకుకు అదే, పింఛనుకు అదే, విమానానికీ అదే అనుకుంది. ఆ ఆఫీసరు చూసి, తల అడ్డంగా ఊపి, పాస్‌పోర్టు అడిగింది. మన దేశం ఇచ్చినవాటిలో ఆమె ఒప్పుకునేది పాస్‌పోర్టునే. అక్క బ్యాగులోంచి తీసి ఇచ్చేదాకా అమ్మ ఆధార్ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "మన ప్రభుత్వం ఇచ్చిన కార్డే గదా, దొంగదాని మాదిరి చూసినట్టు అనిపించింది" అని తిరిగొచ్చాక నాతో చెప్పి కళ్లు తుడుచుకుంది. ఆ ఆఫీసరు దొంగలా చూసి ఉండదు. కానీ డెబ్బై ఏళ్ల మనిషికి అక్కడ, ఆ క్యూలో, ఆ భాషలో అట్లా అనిపిస్తుంది. ముందే చెప్పి పంపాల్సింది మేమే, చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. పేరంతా ఒకే గడిలో రాయించారు మా నాన్న, అప్పట్లో ఎవరికీ తెలీక. అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని పడింది. పేరు తెలియదు అని దానర్థం. టికెట్ మీదా అదే. ఆ ఆఫీసరు అదే ఆమె పేరనుకుని "ఫ్నూ" అని పిలిచిందంట. తిరుమలలో మొక్కుకుని పెట్టిన పేరు మా అమ్మది. అందుకే మా ఇంట్లో ఇప్పుడు ఎవరు పాస్‌పోర్టుకు అప్లై చేసినా ఇంటిపేరు గడి, పేరు గడి విడివిడిగా నింపారా అని నేనే దగ్గర కూర్చుని చూస్తాను. టికెట్ బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చుకుంటాను. ఒక్క అక్షరం తేడా వచ్చినా గేటు దగ్గర ఎంత టెన్షనో చూశాం.

అమ్మ నడుము దగ్గర దోపుకున్న వక్కాకు తిత్తి తీసింది. ఎర్ర గుడ్డతో ఆమే కుట్టుకున్నది, నోటికి తాడుంటుంది. అందులోని ఆకులు, వక్కలు, సున్నం డబ్బీ నా చేతిలో పోసింది. తిత్తిని తిరగేసి దులిపి, సున్నం మరక మీద కొంగుతో రెండుసార్లు రుద్దింది. పాస్‌పోర్టు, ఓసీఐ రెండూ లోపల పెట్టి తాడు బిగించి, వాడు వంగితే మెడలో వేసింది. "ఇల్లు చేరేదాకా తీయొద్దు" అంది. వాడు తీయలేదు. చొక్కా లోపలికి దోపుకుని మళ్లీ గేటు దగ్గరకు వెళ్లాడు. ఆ యూనిఫాం అబ్బాయి పాస్‌పోర్టు తెరిచి, పేరు టికెట్‌తో సరిచూసి, అమ్మ వైపు తిరిగి నవ్వాడు.

ఇందాక ఎనిమిదింటికి హైదరాబాదు నుంచి ఫోటో పెట్టాడు. ఇమిగ్రేషన్ అయిపోయిందంట. నల్ల టీషర్టు మీద ఎర్ర తిత్తి, బయటికే వేలాడదీసుకున్నాడు. అమ్మకు చూపిస్తే ఫోను దగ్గరకు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆకులు, వక్కలు ఇప్పుడు పాల ప్యాకెట్ కవర్లో ఉన్నాయి. రేపు గుడ్డ తెచ్చి పెట్టమంది, రెండు తిత్తులకు సరిపడా. ఒకటి తనకు, ఒకటి అక్కకు.