బ్రునెల్లో పుట్టిన ఇంట్లో

ఇటలీలోని సియెనా నుంచి మోంటాల్చినోకు వెళ్లే బస్సు బువోన్‌కోన్వెంతో దాటిన తరువాత కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. సెలవు రోజుల్లో ఆ బస్సులను నమ్ముకుంటే గంటల తరబడి కాచుకోవలసి వస్తుంది. ఊళ్లో దిగగానే ఒక దుకాణంలో పాత బ్రునెల్లో రిజర్వా, అంటే ఈ ఊరి ఎర్ర వైన్ బ్రునెల్లోలో మేలైన ఏళ్లకే పేరు పెట్టే రకం, చిన్న గ్లాసు ధర అడిగాను. చెప్పిన మొత్తం వింటే కోపమే వచ్చింది, ఎందుకంటే ఆ డబ్బుతో సియెనాలో రెండు పూటలా కడుపునిండా తినవచ్చు. పులిసిన ద్రాక్షరసానికి ఇంత ధర ఎందుకన్న ప్రశ్న మనసులో ఉండగానే, ముందుగా అనుమతి తీసుకున్న బియోందీ శాంతి కుటుంబపు ఎస్టేట్ ఇల్ గ్రెప్పోకు బయలుదేరాను.

సైప్రస్ చెట్ల బాట చివర తీగలు అల్లుకున్న పాత రాతి ఇల్లు ఉంది. నేను పెరిగిన హైదరాబాదు శివార్లలో ద్రాక్ష అంటే తలమీద పందిరి, చేతికందేలా వేలాడే అనాబ్-ఎ-షాహీ గుత్తులు. ఇక్కడి సాంజోవేజె అనే ఎర్ర వైన్ ద్రాక్ష తీగలు నడుము ఎత్తు తీగకంచెకు కట్టి ఉన్నాయి, గుత్తులు చిన్నవి, కాళ్ల కింద పలకలుగా విరిగే రాతి నేల. ఇంత బీద నేలలో ఎవరైనా తోట ఎందుకు వేస్తారని మొదట అనిపించింది.

ఒకప్పుడు మోంటాల్చినోకు పేరు తెచ్చింది మోస్కదెల్లో అనే తియ్యని తెల్ల వైన్. ఔషధశాస్త్రం చదివిన క్లెమెంతె శాంతి 1865 పంటతో చేసిన ఎర్ర వైన్‌కు 1869లో మోంటెపుల్చానోలో పతకం వచ్చింది. ఆయన కూతురు ఫ్లోరెన్సుకు చెందిన బియోందీ ఇంటి కోడలైంది, ఆమె కొడుకు ఫెరూచ్చో రెండు ఇంటిపేర్లనూ కలిపి పెట్టుకున్నాడు. ఇటలీ ఏకీకరణ కోసం పోరాడిన గరిబాల్డీ సేనలో పనిచేసి వచ్చిన ఈ మనుమడు తాతగారి తోటలో మేలైన సాంజోవేజె మొక్కలను ఏరి, వాటినే అంట్లు కట్టి, వేరే ద్రాక్ష కలపకుండా ఏళ్ల తరబడి నిలవ ఉండే వైన్ చేశాడు. లేత వైన్‌ను వెంటనే తాగేసే కాలంలో అది సాహసమే. అలా 1888 పంట బ్రునెల్లోగా సీసాల్లోకి చేరింది.

నన్ను నిలబెట్టేసిన సంగతి ఆ తరువాత విన్నాను. 1888 మొదలుకొని 1945 వరకు ఈ కుటుంబం రిజర్వాగా ప్రకటించిన పంటలు నాలుగే: 1888, 1891, 1925, 1945. మిగిలిన ఏళ్ల వైన్‌కు ఆ పేరు తగదని వాళ్లు నిర్ణయించుకున్నారు. పంట చేతికి వచ్చాక పేరు పెట్టకుండా ఆగడం రైతుకు ఎంత కష్టమో వ్యవసాయ కుటుంబాల వాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

నేలమాళిగలో స్లవోనియన్ ఓక్ పీపాలు మనిషి ఎత్తు దాటి ఉన్నాయి. చల్లటి తడి వాసన. మమ్మల్ని తిప్పి చూపించిన యువతి ఒక పాత సీసాను దీపానికి ఎదురుగా పట్టుకుని, మెడ దాటి భుజం దాకా దిగిపోయిన వైన్ మట్టాన్ని వేలితో చూపించింది. దశాబ్దాలు గడిస్తే బిరడా గుండా వైన్ కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది, ఆ ఖాళీలో చేరిన గాలి మిగిలినదాన్ని పాడుచేస్తుంది. అందుకని ఇక్కడ పాత సీసాలను తెరిచి, రుచి చూసి, బాగున్నవాటిని అదే సంవత్సరపు వైన్‌తోనే నింపి, కొత్త బిరడా వేస్తూ వచ్చారు. రుచి చెడినదాన్ని నింపేవారు కాదు. అంటే కొన్నింటిని నిలబెట్టడానికి అదే ఏటి మరో సీసా ఖర్చు కావాలి. 1944లో యుద్ధం దగ్గరపడినప్పుడు ఫెరూచ్చో కొడుకు తాంక్రేది, తన కొడుకు ఫ్రాంకోతో కలిసి పాత సీసాల ముందు గోడ కట్టి దాచిపెట్టాడని కూడా ఆమె చెప్పింది.

బ్రునెల్లోను పంట తరువాత ఐదో సంవత్సరం జనవరి 1కి ముందు అమ్మకూడదన్నది ఇప్పుడు నియమం, అందులో కనీసం 2 ఏళ్లు కలప పీపాల్లో ఉండాలి. ఈ ఇంట్లో రిజర్వాకు 25 ఏళ్లు దాటిన తీగల పండ్లే వాడతారు. నాకు పోసిన వైన్ రంగులో పలచనగానే ఉంది. మొదట పులుపు, ఆ వెంటనే పుల్లటి చెర్రీ, తరువాత నాలుకను పట్టేసే వగరు. తేలికగా మెప్పించే రుచి కాదు, అయినా గ్లాసు ఖాళీ అయ్యేలోపు రెండుసార్లు మారింది. మధ్యాహ్నం ఊళ్లో మందపాటి పీచీ పాస్తా, పియెంజా జున్నుతో తిన్నప్పుడు ఆ వగరు ఎందుకో బాగా అర్థమైంది.

ఫ్రాంకో 2013లో మరణించాడు. 2016 చివర్లో ఫ్రాన్సుకు చెందిన ఈపీఐ సంస్థ చేతికి ఎస్టేట్ పగ్గాలు వెళ్లాయి. పాత ఇంటిపేరు సీసా మీద అలాగే ఉంది. కొత్త యజమానులు తోటను బాగానే చూసుకుంటున్నట్టు నాకు కనిపించింది, కానీ నా మటుకు అసలు పరీక్ష వేరు: వానలు చెడగొట్టిన ఏడాది వచ్చి, కొనేవాళ్లు ఇంకా వరుసలో నిలబడి ఉన్నప్పుడు, ఫెరూచ్చో వారసుల్లాగా వీళ్లు కూడా రిజర్వా వద్దని చెప్పాలి. తిరుగు బస్సు వచ్చేలోపు అదే కొండమీది మరో దుకాణంలో, ఎక్కువ కాలం నిలవ ఉంచనక్కరలేని రోస్సో ది మోంటాల్చినో ఒక సీసా కొన్నాను. దాని ధర భరించగలిగేదే.