కారు వెనక సైకిళ్లు, ముందు ములుగు రోడ్డు

ఎలక్ట్రిక్ కారు వెనక హుక్కుకి స్టాండు బిగించి, దాని మీద రెండు సైకిళ్లు కట్టుకుని హన్మకొండ నుంచి రామప్ప, లక్నవరం, తాడ్వాయి అడవి దాకా వెళ్లొచ్చాం, నేనూ మా బామ్మర్దీ. కార్తీకమాసం, వరికోతలు జోరుమీదున్న రోజులు. ఆ చోట్ల అందం గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ కారు వెనక బరువు తగిలిస్తే ఏమవుతుంది, లోపల ఏ సెట్టింగులు మార్చుకోవాలి అనేది మన తెలుగులో వివరంగా దొరకడం లేదు. అందుకే నేను ఆ సంగతే ఎక్కువ రాస్తున్నా.

సైకిళ్లు కారు పైకప్పు మీద ఎందుకు పెట్టలేదని చాలామంది అడిగారు. పెట్రోలు కారైతే పెట్టేవాణ్నేమో. ఎలక్ట్రిక్ కారుకి గాలితోనే అసలు పోరు. గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే 80లో పోయేటప్పటికంటే 100లో పోయేటప్పుడు అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పైకప్పు మీద నిలబెట్టిన సైకిలు ఆ గాలికి నేరుగా ఎదురు నిలుస్తుంది. వెనక కట్టినదైతే చాలావరకు కారు చాటున ఉంటుంది, పక్కలకు బయటికొచ్చే చక్రాలే గాలిని తింటాయి. పైగా మా బామ్మర్దిది బ్యాటరీ సైకిలు, దాన్ని తలెత్తు మీదికి లేపి కట్టడం ఇద్దరికీ నడుములు పోయే పని.

స్టాండు జర్మనీలో కొన్నాళ్లుండి వచ్చిన స్నేహితుడిది. అక్కడి కార్లకు వెనక 50 మిల్లీమీటర్ల ఇనుప గుండు ఉంటుంది, స్టాండు ఆ గుండును పట్టుకుని లీవరుతో బిగుసుకుంటుంది. అమెరికా పద్ధతి వేరు, అక్కడ చదరపు గొట్టంలోకి దూర్చి పిన్ను వేస్తారు. గుండు రకంలో ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి: ట్రెయిలర్ లాగేవాళ్లు గుండుకి గ్రీజు రాస్తారు, స్టాండు పెట్టేవాళ్లు మాత్రం చుక్క నూనె కూడా ఉంచకూడదు. ఇక్కడ పట్టు అంతా రాపిడి మీదే నిలబడుతుంది. నేను థిన్నరు ముంచిన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచి, వేలితో రుద్ది చూశాకే స్టాండు ఎక్కించాను.

హుక్కు మీద చిన్న రేకు ఉంటుంది, దాని మీద ఎస్ అనే అక్షరం పక్కన ఒక అంకె. ఆ గుండు మీద నిలువుగా ఎన్ని కిలోలు మోపవచ్చో చెప్పేది అదే. మాదానికి 75. స్టాండు 18 కిలోలు, నా సైకిలు 14, బామ్మర్దిది 22, మొత్తం 54. వాడి సైకిలు బ్యాటరీ తీసి కారులో పెట్టాం, ఇంకో మూడు కిలోలు తగ్గింది. అంకె సరిపోయింది కదా అని వదిలేయలేదు, బరువైన సైకిలును కారు వైపున, తేలికైనదాన్ని బయటి వైపున పెట్టాం. బరువు గుండుకి ఎంత దూరం జరిగితే అది అంతగా వంచుతుంది. ఈ హుక్కు బిగించే ముందే కారుతో వచ్చిన పుస్తకం చదివి, కంపెనీ చెప్పిన చోట్లలోనే బోల్టులు పడేలా చేయించుకున్నాం. ఎలక్ట్రిక్ కారు కింద ఎక్కడపడితే అక్కడ డ్రిల్లు పెట్టే పని కాదు. నారింజ రంగు వైర్లు హై వోల్టేజివి, మామూలు మెకానిక్కు చెయ్యి వాటి దగ్గరికి కూడా పోకూడదు.

ఇక సెట్టింగులు. మా కారు మెనూలో ట్రెయిలర్ మోడ్ ఉంది. స్టాండు లైట్ల ప్లగ్గు పెట్టగానే కారు ట్రెయిలర్ తగిలించారనుకుని ఆ మోడ్‌లోకి పోదామా అని అడుగుతుంది. నేను వద్దన్నాను. ట్రెయిలర్‌కి చక్రాలుంటాయి, అది వెనక పాములా ఊగితే కారు ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి ఆ ఊపును ఆపే లెక్క ఆ మోడ్‌లో ఉంటుంది. స్టాండుకి ఊగే చక్రాలు లేవు, అది కారులో భాగంలా కారుతోపాటే కదులుతుంది. రేంజ్ (ఒక చార్జింగ్‌కు పోయే దూరం) అంచనా కూడా అంతే. కారవాన్ లాంటి ఎత్తైన ట్రెయిలర్ లాగితే ఎలక్ట్రిక్ కారు రేంజ్ దాదాపు సగానికి పడిపోవడం బయటి దేశాల్లో మామూలుగా చూసేదే, కారు ఆ మోడ్‌లో అలాంటి లెక్కే వేసుకుంటుంది. రెండు సైకిళ్లకు ఆ అంచనా చూపిస్తే డ్రైవరుకు ఊరికే టెన్షన్.

మార్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. వెనక పార్కింగ్ సెన్సార్లు ఆపేశాను, లేకపోతే సైకిలు చక్రాన్నే గోడ అనుకుని ఆగకుండా మోగుతాయి. రివర్స్‌లో తనంతట తానే బ్రేకు వేసే ఫీచరు కూడా ఆపాను. ముందు వైపు రాడార్ జోలికి పోలేదు, ముందు బండికి దూరం పాటిస్తూ తనంతట తానే పోయే క్రూయిజ్‌లో మాత్రం ఆ దూరం ఒక మెట్టు పెంచాను. వెనక టైర్లలో గాలి, నిండు లోడుకి తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసినంత పట్టించాను.

అన్నిటికంటే ముఖ్యమైనది బ్రేకు లైటు. ఎలక్ట్రిక్ కారులో యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే మోటారే జనరేటర్‌గా మారి బండిని ఆపుతుంది, కరెంటు బ్యాటరీలోకి పోతుంది. అలా గట్టిగా వేగం తగ్గినప్పుడు బ్రేకు పెడల్ ముట్టకపోయినా వెనక ఎర్రలైటు వెలగాలి. సైకిళ్లు కారు లైట్లను సగం మూసేస్తాయి కాబట్టి స్టాండు లైట్ల బోర్డు కూడా అప్పుడే వెలగాలి. ఇంటి ముందు నిలబెట్టి పెడల్ తొక్కి చూస్తే ఇది తెలియదు, బండి కదులుతుంటేనే తెలుస్తుంది. అందుకని తెల్లారకముందే కాలనీ రోడ్డు మీద నేను కారు నడిపాను, మా బామ్మర్ది స్కూటీ మీద వెనక వచ్చాడు. కాలు తీశాను. ఫోన్లో వాడి గొంతు: "వెలిగింది బావా, రెండు దిక్కులా!" మళ్లీ ఇంకాస్త మెల్లగా తీశాను, అప్పుడు వెలగలేదు, అంత మెల్లగా తగ్గితే వెలగాల్సిన అవసరం కూడా లేదు. ఇంకో సంగతి, బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే ఈ మోటారు బ్రేకు సరిగా పనిచేయదు, కరెంటు పోవడానికి చోటుండదు. అందుకే 90 దగ్గర చార్జింగ్ ఆపి బయలుదేరాం.

మా కారుకి నంబరు ప్లేటు డిక్కీ తలుపు మీద ఎత్తున ఉంటుంది. పెడళ్లు తిప్పి, ఫ్రేములు కొంచెం పక్కకు జరిపి, వెనక నిలబడి అంకెలన్నీ చదవగలిగేలా సరిచేశాకే కదిలాం. ప్లేటు, లైట్లు మూసుకుపోతే పోలీసులు ఆపడం ఒక సంగతి, వెనక వచ్చే లారీవాడికి మనం కనపడకపోవడం దానికంటే పెద్ద సంగతి.

ఆత్మకూరు దాటాక 163 నంబరు జాతీయ రహదారి మీద అక్కడక్కడా ఒక పక్క వడ్లు ఆరబోసి ఉన్నాయి. రోడ్డు సగమే మిగిలితే నెమ్మదిగా పోవడమే, అది రైతు ఏడాది కష్టం. ములుగు ముందు గట్టమ్మ తల్లి గుడి దగ్గర అందరిలాగే ఆగాం. మేడారం పోయే బండి ఏదైనా అక్కడ ఆగి మొక్కి పోవాల్సిందే. కొబ్బరికాయ కొట్టి వచ్చి బోల్టులు, బెల్టులు మళ్లీ బిగించాను. కొత్తగా కట్టిన స్టాండు మొదటి కొంత దూరం తర్వాత కచ్చితంగా కాస్త సర్దుకుంటుంది, ఒక బెల్టు నిజంగానే వదులైంది.

నేను కింద కూర్చుని లీవరు చూస్తుంటే పక్కన వడ్ల ట్రాలీతో ఆగిన ట్రాక్టరాయన దిగొచ్చి వంగి చూశాడు.

"గీ గుండు మీదనే నిలబడ్తాందా సారూ ఇదంత?"

"అవును కాకా, 75 కిలోల దాకా ఆపుతది."

"లీవరు గట్టిగ బిగిచ్చినవా?" అని ఆయనే చెయ్యి పెట్టి తడిమి చూసి, బిగిసిందని తలూపాడు. తర్వాత తన ట్రాలీ దగ్గరికి తీసుకుపోయి బస్తాలు ఎలా పేర్చాడో చూపించాడు, ఇరుసుకి ముందు కొంచెం ఎక్కువ, వెనక తక్కువ. "ఎన్కకు ఎక్కువ వడ్డదనుకో, ట్రాక్టరు మూతి బాగనే ఉంటది గని హుక్కు మీదికి లేస్తది, ట్రాలీ అటిటు కొడ్తది" అన్నాడు. ట్రెయిలర్ల గురించి నేను చదివిన మొదటి సూత్రం అదే. మొత్తం బరువులో కొంత భాగం, అమెరికా లెక్కలో 10 నుంచి 15 శాతం, హుక్కు మీద కిందికి నొక్కుతూ ఉండాలి, లేకపోతే వేగంలో ట్రెయిలర్ ఊగడం మొదలుపెడుతుంది. ఆయన ఆ పని చేతులతో నేర్చుకున్నాడు. హుక్కుల గురించి సందేహం వస్తే మన ఊళ్లలో ట్రాక్టరు నడిపేవాళ్లను అడగండి, చాలా తెలుసు వాళ్లకి.

రామప్పలో సైకిళ్లు దింపాం. గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. నల్లరాతి మదనికల దగ్గర జనం మెదలనివ్వలేదు, కార్తీకం కదా. మేము తొందరగా దర్శనం చేసుకుని చెరువు కట్ట మీదికి సైకిళ్లేసుకుని పోయాం. గుడి, చెరువు రెండూ కాకతీయుల కాలానివే. ఆ కట్ట మీద గాలికి తొక్కుతుంటే ఇంత లెక్కలేసి సైకిళ్లు మోసుకొచ్చినందుకు ప్రాణం లేచొచ్చింది.

లక్నవరం దారిలో చెరువు దగ్గర పల్లంలో ఒక కుటుంబం చిన్న ఎలక్ట్రిక్ కారు బురదలో దిగబడి ఉంది. అక్కడున్నవాళ్లు మా హుక్కు చూసి తాడు తెచ్చేశారు. నేను ఒప్పుకోలేదు. ఆ గుండు నిలకడగా లాగే ట్రెయిలర్‌కి చేసింది, తాడు బిగిసి కుదుపు పడితే గుండు విరిగి తూటాలా ఎగరొచ్చు, అలా మనుషులు చచ్చిపోయారు కూడా. వాళ్ల కారు డిక్కీ కింద పనిముట్లలో లాగే కొక్కెం వెతికించాం. ముందు బంపరులో చిన్న మూత తీస్తే దానికి మర కనపడింది, ఎడమ వైపుకి తిప్పితే బిగుసుకునే మర. అక్కడి ట్రాక్టరు మెల్లగా, తాడు ముందే బిగించి, ఆ కొన్ని అడుగులు మాత్రమే లాగింది. కారు న్యూట్రల్‌లో ఉంచమని ఆ కారాయనకు చెప్పాను. ములుగు దాకా ఇట్లనే లాక్కుపోదామా అని ఎవరో అంటే మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. చక్రాలు నేల మీద తిరుగుతుంటే మోటారు కూడా తిరుగుతుంది, కరెంటు పుడుతుంది, లోపలి ఎలక్ట్రానిక్స్ కాలిపోయే ప్రమాదం ఉంది. ఎలక్ట్రిక్ కారు ఆగిపోతే నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ బండే పిలవాలి. వాళ్ల కారు రోడ్డెక్కాక తనంతట తానే మామూలుగా నడిచిపోయింది, పిల్లలు అద్దంలోంచి చేతులూపారు.

రాత్రి దిగిన చోట 16 ఆంపియర్ల ప్లగ్గులో పోర్టబుల్ చార్జర్ పెడితే ఎర్రలైటు వెలిగింది, ఎర్తింగ్ లేదన్నమాట. పనిచేసే అబ్బాయి గీజరు పాయింటు చూపించాడు, అక్కడ పచ్చలైటు వచ్చింది. గంటకు మూడు యూనిట్లకు కాస్త తక్కువ, తెల్లారేసరికి కావలసినంత ఎక్కింది. సైకిళ్లను మాత్రం దింపి లోపల పెట్టుకున్నాం. ఇక్కడ కోతులు సీటు కవర్లు వదలవు.

పొద్దున్నే తాడ్వాయిలో కారు నిలిపి, అక్కడి నుంచి మేడారం సైకిళ్ల మీదే పోయాం. రోడ్డంతా టేకు ఆకులు, ఎండ ఆకుల మధ్య నుంచి పడుతోంది. జాతర ఏడు కాకపోయినా గద్దెల దగ్గర బెల్లం వాసన ఉండనే ఉంది. జంపన్న వాగులో కాళ్లు కడుక్కుని, అమ్మలకు మొక్కి తిరిగొచ్చాం. ఒక చోట అడవిలోకి పోయే మట్టిదారి కనపడితే కారుతో పోదామన్నాడు మా వాడు. స్టాండు పుస్తకంలో గతుకుల దారుల్లో సైకిళ్లు ఉంచొద్దని స్పష్టంగా రాసుంది, గుంతలో పడ్డప్పుడు 50 కిలోల బరువు క్షణంపాటు దానికి రెండింతలకు పైగా నొక్కుతుంది. "అయితే కారు ఇక్కడనే ఉంచుదాం బావా" అని వాడే అన్నాడు. మంచి మాట.

తిరుగు ప్రయాణం చీకటి పడ్డాక. వెనక బరువుకి కారు కొంచెం కుంగి హెడ్‌లైట్లు పైకి లేస్తాయి, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడతాయి. స్టీరింగ్ పక్కన చిన్న చక్రం ఒక అంకె తిప్పి లైట్లు కిందికి దించితే సరిపోయింది, పత్తి లారీలవాళ్లెవరూ డిమ్ము డిప్పు కొట్టలేదు.

ఖర్చు సంగతి: సైకిళ్లు లేకుండా ఇదే రోడ్డు మీద మా కారు యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల దగ్గర ఇస్తుంది. సైకిళ్లతో 80 దాటకుండా పోతే ఆరు పైచిలుకు ఇచ్చింది, ములుగు తర్వాత ఖాళీ రోడ్డు మీద కొంతసేపు 100లో పోయి చూస్తే ఐదుంపావుకి పడిపోయింది. బరువుకంటే గాలీ, వేగమూ ఎక్కువ తింటాయనేది ఆ అంకెల్లో తెలిసిపోతోంది.

ఇంటికి రాగానే స్టాండు విప్పి, గుండుకి మూత పెట్టి, వెనక సెన్సార్లు, రివర్స్ బ్రేకు మళ్లీ ఆన్ చేశాను. మా వీధిలో పిల్లలు సాయంత్రమంతా కార్ల వెనకే ఆడుకుంటారు, ఆ రెండూ ఆపి ఉంచి ఒక్క రోజు కూడా బండి వెనక్కి తియ్యను. బొగత జలపాతానికి చిన్న ట్రెయిలర్ కట్టుకుని పోదామంటున్నాడు మా బామ్మర్ది. ముందు మన కారు పుస్తకంలో ట్రెయిలర్ లాగే బరువు ఎంతని రాసిందో చూద్దాం, ఆ ట్రెయిలర్ రిజిస్ట్రేషన్ సంగతి ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుందాం, ఆ తర్వాతే కొందామన్నాను. వచ్చే వారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.