పదకొండు పాటలు, ఒక వాయిదా

2020 మార్చి 23న బ్రిటన్‌లో లాక్‌డౌన్ పెట్టారు. నాలుగు రోజులకు, 27న, పాప్ గాయని దువా లిపా రెండో ఆల్బమ్ ‘ఫ్యూచర్ నాస్టాల్జియా’ వచ్చింది. ఏప్రిల్ 3న రావలసింది, పాటలు ముందే బయటికి పొక్కడంతో వారం ముందుకు జరిపారు. లండన్ హారోలోని మా చిన్న ఇంట్లో ఆ వేసవంతా అదే మోత. పదకొండు పాటలు, 37 నిమిషాలు. నేను దోసెల పిండి రుబ్బే సమయానికి సరిగ్గా సరిపోయేది. గ్రైండరు హోరులో పాట మాటలు వినబడేవి కావు గానీ, బేస్ గిటారుకు మాత్రం గట్టు మీద గిన్నెల మూతలు అదిరేవి.

మొదట విసుక్కున్నాను. ఆదివారం పొద్దున జూమ్‌లో తెలుగు బడి, పద్నాలుగేళ్ల మా అమ్మాయి గుణింతాలు దిద్దకుండా తుడుపుకర్రతో నాట్యం! తర్వాత చెవి పెట్టి వింటే, అది మా కాలపు సరుకే. అదే డిస్కో తాళం, అవే చప్పట్లు. “80ల్లో మా హీరోలంతా మెరుపు చొక్కాలు వేసుకుని దీనికే ఆడారే!” అంటే నమ్మలేదు. యూట్యూబ్‌లో చూపిస్తే నవ్వలేక కింద కూర్చుండిపోయింది.

హైదరాబాద్‌లో పెరిగినదాన్ని, నాకు దువా అంటే ప్రార్థన. అల్బేనియన్‌లో ప్రేమ అట. చిన్నప్పుడు మామూలు ఇంగ్లీషు పేరుంటే బాగుండేదనిపించేదని ఆ గాయనే చెప్పుకుంది. ఆ సంగతి చెప్పింది మా అమ్మాయే. నేను ముచ్చటపడి పెట్టిన నాలుగక్షరాల పేరును బడిలో రెండక్షరాలకు కుదించుకున్న పిల్ల కదా, దానికి అది బాగా నచ్చినట్టుంది.

మరుసటి మార్చిలో ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. “అమ్మమ్మా, మనకు గ్రామీ వచ్చింది!” అని వీడియో కాల్‌లో అరిచింది. “ఏ సబ్జెక్టులోనమ్మా?” అంది మా అమ్మ.

నాకు గుచ్చుకున్నది మాత్రం దువా తల్లిదండ్రుల కథ. 1990లలో కొసోవోలోని ప్రిష్టినా వదిలి లండన్ చేరారు. 1995లో దువా ఇక్కడే పుట్టింది. 2008లో కొసోవో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఆ ఏడాదే కుటుంబమంతా సామాను సర్దుకుని వెనక్కి వెళ్లింది. యుద్ధం చూసిన దేశానికి వాళ్లు వెళ్లగలిగారు. మేము ‘అమ్మాయికి ఇయర్ సిక్స్, అంటే ప్రైమరీ బడి, అయ్యేలోపు హైదరాబాద్ వెళ్లిపోదాం’ అనుకుని, ముందు వీసా కోసం, తర్వాత ఇంటి అప్పు కోసం, ఆపైన ఎందుకో తెలియకుండానే ఆగిపోయాం. ఎవరూ వద్దనలేదు. అటకమీద ఆ రోజుల్లో కొన్న పెద్ద సూట్‌కేసులు రెండు అలాగే ఉన్నాయి, వాటిలో ఇప్పుడు చలికోట్లు పెడుతున్నాం.

ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగాను, “మనం వెళ్లిపోయి ఉంటే ఏం చేసేదానివే?”

“పదిహేనేళ్లు రాగానే వచ్చేసేదాన్ని. దువా వచ్చింది కదా, ఒక్కతే.”

నిజమే. తెలిసినవాళ్లింట్లో ఉంటూ లండన్‌లో చదువుకుంది. గ్రైండరు ఆపి పిండి తీస్తున్నాను. మా అమ్మాయి రాయికి అంటిన పిండిని వేలితో తీసి గిన్నె అంచుకు రాస్తూ అంది: “నువ్వేమో అక్కడి నుంచి రోజూ ఫోను చేసి ‘తిన్నావా’ అని అడిగేదానివి, ఇప్పుడు అమ్మమ్మ నిన్ను అడిగినట్టు.”