ఒకే సినిమా, నాలుగు తెరలు: ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి సూళ్లూరుపేట మీదుగా చెన్నై దాకా

ఒకే సినిమాకి నాలుగు హాళ్లలో టికెట్లు బుక్ చేస్తుంటే మా ఆవిడ చూసి, "ఆ డబ్బుతో తిరుపతి వెళ్లి రావచ్చు" అంది. ఆవిడ చెప్పిన దారిలోనే వెళ్లాను లెండి. నాయుడుపేట దగ్గర తిరుపతి వైపు తిరగకుండా నేరుగా పోయాను, అంతే తేడా.

గొడవ ఆఫీసు క్యాంటీన్‌లో మొదలైంది. తెలుగు సినిమాని అసలైన పెద్ద తెర మీద చూడాలంటే ఎక్కడికి పోవాలి? ఒకాయన హైదరాబాద్ ప్రసాద్స్ మల్టీప్లెక్స్ అంటాడు. నెల్లూరు జిల్లా కుర్రాడు సూళ్లూరుపేట హాలు తప్ప మాట్లాడడు. ఇంకొకడు ఐమాక్స్ ముద్ర లేనిది పెద్ద తెరే కాదని తీర్పు చెప్పేశాడు. వేర్వేరు సినిమాలు వేర్వేరు చోట్ల చూసి పోల్చుకుంటే ఈ వాదన తెగదు. సినిమా ఒకటే ఉండాలి, హాళ్లు మారాలి. అప్పుడే ఒక భారీ సినిమా రిలీజైంది. పేరు చెప్పను, అభిమానులతో నాకెందుకు. అది 2డి సినిమా, స్కోప్‌లో, అంటే బాగా వెడల్పు ఫ్రేములో తీశారు, చుట్టూ, పైనుంచి కూడా వినిపించే అట్మాస్ సౌండ్. ఈ మూడు విషయాలు తెలిస్తే చాలు.

మొదట ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. పోల్చడానికి ఒక మామూలు హాలు కావాలి కదా. పైగా హైదరాబాద్‌లో సినిమా పిచ్చి ఉన్నవాడు యాత్ర ఇంకెక్కడ మొదలుపెడతాడు? సుదర్శన్ 35 ఎంఎం, దేవి 70 ఎంఎం, సంధ్య 70 ఎంఎం... పేర్లలోనే ఫిల్మ్ కొలతలు పెట్టుకున్న హాళ్లు. 1986లో 'సింహాసనం' తొలి తెలుగు 70 ఎంఎం సినిమాగా వచ్చినప్పుడు ఆ అంకెకి ఎంత విలువ ఉండేదో మా నాన్న తరం వాళ్లని అడగాలి. ఇప్పుడు ప్రొజెక్టర్ రూముల్లో హార్డ్ డిస్కులు, సర్వర్లు వచ్చాయి, పేరులో 70 మాత్రం మిగిలింది.

నేను వెళ్లిన హాలు ఏదో చెప్పను. మార్నింగ్ షో, బాల్కనీ. హీరో ఎంట్రీకి లేచిన కాగితాలు తెర ముందు ఎగురుతుంటే కాసేపు ఏమీ కనిపించలేదు, ఎవరికీ బాధ కూడా లేదు. కానీ తర్వాత వచ్చిన రాత్రి ఫైట్ మొత్తం బురదలా ఉంది. ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో వెనక మ్యూజిక్‌ని బట్టి ఊహించుకుని ఈలలు వేశారు జనం. డిజిటల్ సినిమాకి తెర మధ్యలో 14 ఫుట్ ల్యాంబర్ట్‌ల (తెర వెలుతురుకి కొలత) వెలుతురు ఉండాలని ప్రమాణం ఉంది. ప్రొజెక్టర్‌లోని జినాన్ దీపం వాడేకొద్దీ మసకబారుతుంది. మార్చాలంటే ఖర్చు. అందుకే ఇంకొన్నాళ్లు లాగిద్దాం అనుకునే హాళ్లు చాలానే ఉంటాయి. ప్రేక్షకుడు మాత్రం "కెమెరామ్యాన్ సరిగ్గా తీయలేదు" అనుకుని ఇంటికి పోతాడు.

ఆ వెలుతురు విషయం మనసులో పెట్టుకునే ప్రసాద్స్‌కి వెళ్లాను. తెర వెడల్పు రెట్టింపైతే విస్తీర్ణం నాలుగింతలవుతుంది, కాబట్టి వెలుతురూ నాలుగింతలు కావాలి. పెద్ద తెర కట్టడం కన్నా దాన్ని వెలిగించడమే కష్టం. ప్రసాద్స్ 2003లో తెరిచినప్పుడు అక్కడ అసలైన ఐమాక్స్ ఫిల్మ్ ప్రొజెక్టర్ ఉండేది. ఫిల్మ్ అడ్డంగా పరుగెత్తేది, ఒక్కో ఫ్రేముకి పదిహేను రంధ్రాలు. తర్వాత ఐమాక్స్ ఒప్పందం పోయింది, అయినా ఆటోవాళ్లు ఇప్పటికీ "ఐమాక్సా సార్" అనే అడుగుతారు. 2022 చివర్లో తెర మార్చి, జంట లేజర్ ప్రొజెక్టర్లు పెట్టి పీసీఎక్స్ అని పేరు పెట్టారు. కొత్త తెర వెడల్పు 101.6 అడుగులు, ఎత్తు 64 అడుగులు.

లోపలికి అడుగుపెట్టగానే ఆ తెల్లటి గోడ చూసి ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది. సినిమాకి ముందు వేసిన ఒక ఇంగ్లిష్ ట్రైలర్ ఆ గోడని దాదాపు నింపేసింది. పక్కసీటు పిల్లవాడు వెనక్కి వాలిపోయాడు. తర్వాత మన సినిమా మొదలైంది. పైనా కిందా నల్లటి పట్టీలు.

ఇందులో హాలు తప్పేమీ లేదు, లెక్క అంతే. స్కోప్ అంటే ఎత్తుకి 2.39 రెట్లు వెడల్పు. 101.6ని 2.39తో భాగిస్తే 42.5 అడుగులు. అంటే 64 అడుగుల ఎత్తులో మూడో వంతు చీకటి. మన దర్శకులు ఎక్కువమంది స్కోప్‌లోనే తీస్తారు, కాబట్టి మన సినిమాకి ఈ తెర ఎత్తు ఉపయోగపడే అవకాశం తక్కువ. ఐమాక్స్ కెమెరాలతో తీసి నిలువుగా ఎక్కువ బొమ్మ ఇచ్చే ఇంగ్లిష్ సినిమాలకి ఇదే తెర బంగారం. కాకపోతే వెలుతురు మాత్రం అద్భుతం. క్రాస్‌రోడ్స్‌లో బురదగా కనిపించిన ఫైట్‌లో వెనకాల ఒక కొండ ఉందని, దాని మీద కాగడాలు పట్టుకుని మనుషులు నిలబడ్డారని ఇక్కడే తెలిసింది. ఆ కాగడాల వాళ్లు ఇంటర్వెల్ తర్వాత కథలోకి వస్తారు. మొదటిసారి చూసినప్పుడు వీళ్లు ఎక్కడినుంచి ఊడిపడ్డారా అనుకున్నాను.

అక్కడ నేను చేసిన ఇంకో పని చూసి పక్కవాళ్లు వింతగా చూశారు. చేయి చాచి, పిడికిలి బిగించి, తెర ఈ అంచు నుంచి ఆ అంచుకి ఎన్ని పిడికిళ్లు పడతాయో కొలిచాను. చాచిన చేతికి పిడికిలి దాదాపు పది డిగ్రీలు. ఆకాశంలో నక్షత్రాల మధ్య దూరం చూసుకునే వాళ్ల చిట్కా ఇది. తెర వెడల్పు ఎంతో అంత దూరంలో కూర్చుంటే కంటికి 53 డిగ్రీలు వస్తుంది, అంటే ఐదు పిడికిళ్లు దాటాలి. వెడల్పుకి ఒకటిన్నర రెట్లు దూరం పోతే 37కి పడిపోతుంది. కాబట్టి వంద అడుగుల తెర ముందు నూట యాభై అడుగుల దూరంలో కూర్చున్నా, నలభై అడుగుల తెర ముందు అరవై అడుగుల్లో కూర్చున్నా కంటిలో పడే బొమ్మ ఒకటే. పోస్టర్ మీద అడుగులు వేసుకునే హాళ్లు ఈ సంగతి చెప్పవు. ఏ వరుసలో సీటు దొరికిందన్నదే సగం ఆట.

సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో పడుకుని నెల్లూరులో దిగాను. మా మేనమామ కొడుకు స్టేషన్‌కి వచ్చాడు. విషయం విని, "ఏంది బావా, రెండుసార్లు చూసిన సినిమాకి ఇంత దూరం వచ్చినావా" అని నవ్వాడు గానీ, సాయంత్రానికి కారు తీసింది వాడే. గూడూరు, నాయుడుపేట దాటి హైవే మీద దక్షిణంగా. సూళ్లూరుపేట అంటే దేశానికి గుర్తొచ్చేది షార్. శ్రీహరికోటకి పోవాలంటే ఈ ఊళ్లోంచే తిరగాలి. చలికాలంలో పులికాట్‌కి ఫ్లెమింగోలు, నేలపట్టుకి పెలికాన్లు వస్తాయి. రాకెట్ వదిలే ముందు ఇస్రో పెద్దలు వచ్చి దణ్ణం పెట్టుకునే చెంగాళమ్మ గుడి కూడా ఇక్కడే. మేమూ ముందు గుడికే పోయాం. "షో బాగుండాలని మొక్కుకో" అన్నాడు మా బావ.

ఇంత చిన్న ఊరి పక్కన ఇంత పెద్ద తెర ఎందుకు కట్టారని చాలామంది ఆశ్చర్యపోతారు. పార్కింగ్‌లో నంబర్ ప్లేట్లు చూస్తే జవాబు దొరుకుతుంది. సగం కార్లు తమిళనాడువి. చెన్నై 80 కిలోమీటర్ల పైచిలుకు, నెల్లూరు ఇంకాస్త దూరం, తిరుపతి కూడా వచ్చిపోయే దూరమే. హైవే పక్కన పొలాల మధ్య ఒక్కసారిగా వెలుగుతూ కనిపిస్తుంది వి సెల్యులాయిడ్. 2019 ఆగస్టు 30న 'సాహో'తో మొదలైంది. పెద్ద హాలు పేరు వి ఎపిక్. ఎపిక్ అనేది చెన్నైకి చెందిన సినిమా టెక్నాలజీ కంపెనీ క్యూబ్ వాళ్ల పెద్ద తెర ఫార్మాట్. వంద అడుగులు దాటిన వెడల్పు, ఆరువందలకి పైగా సీట్లు, లేజర్ వెలుతురు, అట్మాస్. పక్కన ఇంకో రెండు చిన్న తెరలు కూడా ఉన్నాయి.

ఇక్కడ తెర ప్రసాద్స్ అంత నిలువుగా అనిపించదు, అడ్డంగా సాగినట్టు ఉంటుంది. సినిమా మొదలయ్యాక నేను మొదట చూసింది బొమ్మ పైఅంచునే. పట్టీలున్నాయి, కానీ చీకటి చాలా తక్కువ. లెక్క వేస్తే స్కోప్ బొమ్మ రెండు చోట్లా దాదాపు ఒకే సైజు. ఆఫీసులో మూడు వారాలు కొట్టుకున్న వాదన అక్కడికక్కడే నీరుగారిపోయింది. అయినా అనుభవం ఒకటి కాదు. ప్రసాద్స్‌లో బొమ్మ ఒక పెద్ద గోడ మీద తేలుతున్నట్టు ఉంటే, ఇక్కడ బొమ్మే గోడ. ఖాళీ తెర కంటికి తగలకపోతే బొమ్మ పెద్దదైనట్టు అనిపిస్తుంది. ఇది కంటి మోసమే, కాదనను. డబ్బిచ్చి సినిమాకి వెళ్లేది ఆ మోసం కోసమే కదా.

నదిలో ఏనుగుల మంద దాటే షాట్ ఒకటుంది. ప్రతి ఏనుగూ కుడి నుంచి ఎడమకి వెళ్లేదాకా తల తిప్పి చూడాల్సి వచ్చింది. వాటి అడుగుల చప్పుడు కూడా హాలు ఒక గోడ నుంచి ఇంకో గోడకి నడిచింది. మా బావ చెవిలో, "ఏనుగు నీ పక్కనుంచే పోయింది బావా" అన్నాడు.

అయితే ఇంత పెద్ద తెర దాపరికం లేకుండా అన్నీ బయటపెడుతుంది. వంద అడుగుల వెడల్పులో 2కె బొమ్మ, అంటే అడ్డంగా రెండు వేల చిల్లర చుక్కలున్న బొమ్మ వేస్తే ఒక్కో చుక్క పదిహేను మిల్లీమీటర్లు, 4కె అయితే అందులో సగం. ప్రొజెక్టర్ 4కె అయినా గ్రాఫిక్స్ షాట్లు 2కెలో చేసి సాగదీస్తే ప్రొజెక్టర్ మాత్రం ఏం చేస్తుంది? క్రాస్‌రోడ్స్‌లో భలే ఉందనిపించిన కోట ఇక్కడ అట్టముక్కతో చేసినట్టు తేలిపోయింది. హీరో విగ్గు అంచు కూడా. ఇంటర్వెల్‌లో ముందు వరుసల దాకా నడిచి వెళ్లి తెరని దగ్గరగా చూశాను. ఒళ్లంతా సన్నటి చిల్లులు. వెనకున్న సౌండ్ బాక్సుల శబ్దం ఆ చిల్లుల్లోంచే రావాలి. అక్కడ కూర్చున్న ఒక కుర్రాణ్ణి మెడ నొప్పి లేదా అని అడిగితే, "ఈడైతేనే నిండా కనపడతాది అన్నా" అన్నాడు. వాడి పిడికిళ్ల లెక్కన నిజమే.

నా ఓటు మాత్రం హాలు మధ్యకి రెండు వరుసలు వెనక. అక్కడ కంటికి బొమ్మ మొత్తం అందుతుంది, తల తిప్పే సరదా కూడా మిగులుతుంది.

మర్నాడు సూళ్లూరుపేట నుంచి మెమూలో చెన్నై సెంట్రల్. అక్కడినుంచి మెట్రోలో వడపళని, స్టేషన్ పక్కనే మాల్, అందులో పలాజో, అందులో ఐమాక్స్. ప్రయాణం గురించి చెప్పడానికి ఇంతకన్నా ఏమీ లేదు. మాల్ అంటే ఎక్కడైనా మాలే.

మన దేశంలో ఐమాక్స్ అంటే దాదాపు అన్నీ డిజిటల్. మెల్‌బోర్న్ మ్యూజియంలో ఉన్నలాంటి ఫిల్మ్ ప్రొజెక్టర్, ఆరేడు అంతస్తుల తెర ఇక్కడ ఆశించకూడదు. 2023లో 'ఓపెన్‌హైమర్' ఐమాక్స్ ఫిల్మ్ ప్రింట్లు ప్రపంచం మొత్తం మీద ముప్ఫై చోట్లే ఆడాయి, వాటిలో మన దేశం లేదు. ఈ డిజిటల్ ఐమాక్స్ పద్ధతి వేరు. తెరని ప్రేక్షకుల వైపుకి జరిపి, గోడ నుంచి గోడకి కాస్త వంచి కడతారు. అడుగుల్లో చిన్నదే, పిడికిళ్లలో మాత్రం పోటీకి నిలబడుతుంది. సగం వరుసల దాకా నా కొలత సూళ్లూరుపేటకి పెద్ద తేడా రాలేదు.

ఐమాక్స్ గెలిచింది శబ్దంలో. ఆ హాళ్లలో మైకులు పెట్టి సౌండ్‌ని రోజూ సరిచూసుకునే ఏర్పాటు ఉంటుంది. గుసగుసగా చెప్పే డైలాగులు మొదటిసారి పూర్తిగా వినిపించాయి. విలన్ చచ్చిపోతూ ఏమన్నాడో నాలుగో హాల్లో తెలిసింది. జనం కూడా నిశ్శబ్దంగా చూశారు. కింద ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు చదువుకుంటూ మన పంచ్ డైలాగులకి ఒక సెకను ముందే నవ్వేస్తున్నారు. అది నాకు నచ్చలేదు. తెలుగు సినిమాకి ఈల లేకపోతే ఎలా?

క్యాంటీన్‌లో అడిగినవాళ్లకి ఇలా చెప్పాను. స్కోప్‌లో తీసిన తెలుగు సినిమా అయితే సూళ్లూరుపేట, అది కూడా కుదిరితే శని, ఆదివారాలు కాకుండా. నిలువు ఫ్రేము నింపే ఇంగ్లిష్ సినిమా అయితే ప్రసాద్స్‌ని మించింది మనకి దగ్గర్లో లేదు. మాటలు ముఖ్యమైన సినిమాకి చెన్నై ఐమాక్స్. ఫస్ట్ డే మాత్రం క్రాస్‌రోడ్స్, దీపం ఎంత మసకగా ఉన్నా సరే. ఇది విని నెల్లూరు కుర్రాడు గెలిచానన్నాడు, ప్రసాద్స్ ఆయన కూడా గెలిచానన్నాడు. ఐమాక్స్ వాడు లేజర్ ఐమాక్స్ చూడకుండా మాట్లాడొద్దని కొత్త పేచీ పెట్టాడు. వాడి మాటలోనూ న్యాయముంది. కోయంబత్తూరులో ఒకే కాంప్లెక్సులో లేజర్ ఐమాక్స్, ఎపిక్ రెండూ ఉన్నాయి. ఏ రైలుకి సీట్లున్నాయో చూస్తున్నాను, మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.